పుస్తకాలకు అట్టలు కట్టిన కుర్రాడు – మైఖేల్ ఫారడే

మైఖేల్ ఫారడే పేరు మన హాస్టల్లో ఎవరికీ కొత్త కాదు. విద్యుద్విశ్లేషణ పాఠంలో ఆయన నియమాలు చదువుతాం. విద్యుదయస్కాంత ప్రేరణ పాఠంలో మళ్లీ ఆయనే వస్తాడు. కెపాసిటర్ల లెక్కల్లో ఫారడ్ అనే ప్రమాణం కూడా ఆయన పేరే. కాని పాఠంలో నియమం ఉంటుంది, మనిషి ఉండడు. ఈ వార్షికోత్సవ సంచికలో మేము ఆ మనిషిని గురించి రాయదలిచాం.

ఇందుకు ఇంకో కారణం కూడా ఉంది. హాస్టళ్లు, స్కాలర్‌షిప్పులు ఎందుకు, ప్రతిభ ఉన్నవాడు ఎలాగైనా పైకొస్తాడు అని వాదించేవాళ్లు తరచుగా చూపే ఉదాహరణల్లో ఫారడే ఒకడు. బడి చదువు లేదు, డబ్బు లేదు, అయినా ప్రపంచమంతా మెచ్చే శాస్త్రవేత్త అయ్యాడు కదా అంటారు. ఆ వాదన ఎంతవరకు నిజమో ఆయన జీవితాన్ని మొదటి నుంచి చూస్తేనే తెలుస్తుంది.

ఫారడే 1791 సెప్టెంబర్ 22న లండన్‌ను ఆనుకుని ఉన్న న్యూవింగ్టన్ బట్స్‌లో జన్మించాడు. తండ్రి జేమ్స్ కమ్మరి. ఉత్తర ఇంగ్లండు నుంచి పని వెతుక్కుంటూ వలస వచ్చిన మనిషి. ఆరోగ్యం అంతంత మాత్రం. కొలిమి దగ్గర నిలబడలేని రోజులే ఎక్కువ. తల్లి మార్గరెట్ నలుగురు పిల్లలను సాకింది. కొన్నాళ్లకు ఆ కుటుంబం గుర్రపుబళ్ల కొట్టం మీద ఉన్న గదుల్లో కాపురం పెట్టింది. 1801లో తిండిగింజల ధరలు మండిపోయినప్పుడు తొమ్మిదేళ్ల మైఖేల్‌కు వారానికి ఒక్క రొట్టె ఇచ్చేవారట. ఏడు రోజులు దాంతోనే సరిపెట్టుకోవాలి. ఆకలి అంటే ఏమిటో మనలో చాలామందికి ఎవరూ చెప్పక్కర్లేదు కాబట్టి దీన్ని ఇంతటితో వదిలేస్తున్నాం.

చదవడం, రాయడం, కొద్దిపాటి లెక్కలు, ఇంతే ఆయన బడి చదువు. నాలుక తిరగక ర అనే అక్షరం పలకలేకపోయేవాడని, అందుకు టీచరమ్మ బెత్తం తెప్పించి కొట్టించబోతే తల్లి కొడుకును ఆ బడి మాన్పించిందని ఒక కథ ఉంది.

1804లో, పదమూడో ఏట, బ్లాండ్‌ఫోర్డ్ వీధిలో జార్జ్ రీబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర పనికి కుదిరాడు. మొదట ఇంటింటికీ పేపర్లు వేసే పని. ఆ రోజుల్లో పేపరు ఖరీదు ఎక్కువ. అందుకని అద్దెకిచ్చి, ఒక ఇంట్లో చదివాక మళ్లీ తెచ్చి ఇంకో ఇంటికి ఇచ్చేవారు. మరుసటి ఏడాది రీబో ఆ కుర్రాడిని ఏడేళ్ల ఒప్పందం మీద బైండింగ్ పనిలో శిష్యుడిగా చేర్చుకున్నాడు. అలా చేర్చుకోవడానికి తల్లిదండ్రులు యజమానికి రుసుము కట్టడం అక్కడి రివాజు. పని బాగా చేశాడని రీబో ఆ రుసుము మాఫీ చేశాడు. ఫారడే జీవితంలో అన్నిటికన్నా పెద్ద సంఘటన ఇదేనని మా అభిప్రాయం. ఆ తరువాత చేసిన ఏ ప్రయోగమూ ఇది లేకుండా జరిగేది కాదు.

పగలు ఫారాలు కుట్టడం, అట్టలు కట్టడం, అంచులు కోయడం. రాత్రి ఆ పుస్తకాలే చదవడం. బైండింగ్‌కు వచ్చిన ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా సంపుటంలో విద్యుత్తు మీద వ్యాసం కనబడింది. జేన్ మార్సెట్ అనే ఆవిడ రసాయనశాస్త్రాన్ని సంభాషణల రూపంలో, ఎవరికైనా అర్థమయ్యేలా రాసిన పుస్తకం దొరికింది. చదివింది నమ్మి ఊరుకోకుండా, చేతిలో ఉన్న చిల్లరతో సీసాలు, రాగి, జింకు ముక్కలు కొని చిన్న చిన్న ప్రయోగాలు చేసి చూశాడు. రీబో అడ్డుపడలేదు, పైగా ప్రోత్సహించాడు. ఆ ఇంట్లోనే మస్కరియే అనే చిత్రకారుడు అద్దెకుండేవాడు. ఫారడే ఆయన గది ఊడ్చి, బూట్లకు పాలిష్ చేసేవాడు. బదులుగా ఆయన బొమ్మలు గీయడం నేర్పాడు.

ఉండటానికి చోటు, ఆకలికి తిండి, ఏడేళ్లు చేతికందే పుస్తకాలు, చదువుకుంటే తిట్టని పెద్దమనిషి. వీటికి మనం ఏ పేరు పెట్టుకుంటాం? మా లెక్కలో ఆ బైండింగ్ షాపు ఒక్క విద్యార్థి ఉన్న హాస్టలే, రీబోయే దానికి వార్డెన్. ఫారడే ఏ ఆసరా లేకుండా పైకొచ్చాడనేవాళ్లు ఈ ఏడేళ్లను మరిచిపోతున్నారు.

1810లో తండ్రి చనిపోయాడు. అదే ఏడాది లండన్‌లో జాన్ టాటమ్ అనే ఆయన తన ఇంట్లో శాస్త్ర ఉపన్యాసాలు ఇస్తున్నట్టు ఫారడేకు తెలిసింది. రుసుము ఉపన్యాసానికి ఒక షిల్లింగు. ఆ షిల్లింగు అన్న రాబర్ట్ ఇచ్చాడు. రాబర్ట్ కూడా కమ్మరే. తాను సుత్తి పట్టి సంపాదించిన డబ్బు తమ్ముడి పాఠాలకు పెట్టాడు. ఇలాంటి అన్నలు, అక్కలు మన ఇళ్లలోనూ ఉన్నారు. వాళ్ల పేర్లు ఏ పాఠ్యపుస్తకంలోనూ పడవు.

1812లో షాపుకు వచ్చే విలియం డాన్స్ అనే ఖాతాదారు ఈ కుర్రాడి శ్రద్ధ చూసి, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సర్ హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకు టిక్కెట్లు ఇచ్చాడు. అప్పట్లో డేవీ యూరప్‌లోకెల్లా పేరుమోసిన రసాయనవేత్త. ఫారడే నాలుగు ఉపన్యాసాలు విని, ప్రతి మాటా రాసుకుని, ప్రయోగాల బొమ్మలు వేసి, మొత్తం మూడువందల పేజీల గ్రంథంగా తయారుచేసి, తన చేత్తోనే బైండింగ్ చేశాడు. షాపులో నేర్చిన పని, చిత్రకారుడు నేర్పిన బొమ్మలు, రెండూ అందులో పనికొచ్చాయి. అంతకుముందే రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు ఏదైనా చిన్న పని ఇప్పించమని ఉత్తరం రాశాడు. జవాబు లేదని కబురొచ్చింది. ఇప్పుడు ఆ గ్రంథాన్ని డేవీకి పంపాడు. డేవీ పిలిచి మాట్లాడాడు గాని, శాస్త్రం నమ్ముకుంటే కడుపు నిండదు, బైండింగే చేసుకోమని సలహా ఇచ్చాడు. కొన్నాళ్లకు ప్రయోగశాల సహాయకుడు ఎవరితోనో కొట్లాడి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ ఖాళీలో 1813 మార్చి 1న ఫారడే చేరాడు. జీతం వారానికి 25 షిల్లింగులు. ఆ భవనం పై అంతస్తులో రెండు గదులు ఉండటానికి ఇచ్చారు.

ఆ ఏడాది అక్టోబరులో డేవీ దంపతులు యూరప్ యాత్రకు బయలుదేరారు. చివరి నిమిషంలో డేవీ సొంత నౌకరు రానన్నాడు. వేరే మనిషి దొరికేదాకా ఆ పని కూడా చూడమని ఫారడేను అడిగారు. వేరే మనిషి ఏడాదిన్నర దాకా దొరకలేదు! డేవీ భార్య జేన్ ఆయనను నౌకరుగానే చూసింది, నౌకర్ల పంక్తిలోనే కూర్చోబెట్టింది. జెనీవాలో ఒక ప్రొఫెసరు ఫారడేను తమతో కలిసి భోజనానికి కూర్చోమంటే ఆమె ఒప్పుకోలేదని, చివరకు ఆయనకు వేరే గదిలో వడ్డించారని చెబుతారు. ఇంగ్లండులో మన దేశంలోలాగా కులం లేదు. కాని పంక్తి వేరు చేయడం వాళ్లకూ తెలుసు. వదిలేసి వెళ్లిపోదామని ఫారడే చాలాసార్లు అనుకున్నాడు, మిత్రులకు రాసిన ఉత్తరాల్లో ఆ బాధ వెళ్లబోసుకున్నాడు. అయినా ఉండిపోయాడు. పారిస్‌లో ఆంపియర్‌ను, మిలాన్‌లో ముసలి వోల్టాను చూసింది ఆ యాత్రలోనే. అవమానం భరించడం గొప్ప అని మేము అనడం లేదు. ఆయన ముందున్న దారులు రెండే, మళ్లీ బైండింగ్ షాపు, లేదా ఇది.

తిరిగొచ్చాక ఇంగ్లిషు మీద పడ్డాడు. ఇంగ్లిషు ఆయన మాతృభాషే అయినా పెద్దమనుషుల ఇంగ్లిషు ఆయనది కాదు. తన ఉపన్యాసాల్లో తప్పులు పట్టమని ఎడ్వర్డ్ మాగ్రాత్ అనే మిత్రుణ్ణి కూర్చోబెట్టుకున్నాడు. డబ్బిచ్చి ఉచ్చారణ పాఠాలు చెప్పించుకున్నాడు. తరువాతి కాలంలో పిల్లల కోసం ఆయన ఇచ్చిన క్రిస్మస్ ఉపన్యాసాలు, ముఖ్యంగా కొవ్వొత్తి మీద ఇచ్చినవి, పుస్తకంగా వచ్చి ఇప్పటికీ చదువుతున్నారు.

1821లో సారా బర్నార్డ్‌ను పెళ్లాడాడు. అదే ఏడాది విద్యుత్ ప్రవాహంతో తీగ అయస్కాంతం చుట్టూ తిరిగేలా చేశాడు. మోటారుకు అదే పునాది. ఆ ఆలోచన వేరొకరిదని గిట్టనివాళ్లు గుసగుసలాడారు. రాయల్ సొసైటీ సభ్యత్వానికి ఆయన పేరు వస్తే డేవీయే అడ్డుపడ్డాడు. అయినా 1824లో ఎన్నికయ్యాడు. 1825లో బెంజీన్‌ను కనుగొన్నాడు. 1831 ఆగస్టు 29న తీగచుట్టల ప్రయోగంతో విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నాడు. ఇవన్నీ పాఠాల్లో ఉన్నవే కాబట్టి త్వరగా దాటుతున్నాం. పాఠాల్లో లేనిది ఒకటుంది, దాని దగ్గర కాస్త ఆగుతాం.

1833 మొదట్లో ఫారడే నీటిలోంచి విద్యుత్తు పంపుతున్నాడు. నీరు గడ్డకట్టగానే ప్రవాహం ఆగిపోయింది. పలుచని మంచు పొర అడ్డమొచ్చినా చాలు, గాల్వనామీటరు ముల్లు కదలదు. మంచు కరిగితే మళ్లీ కదులుతుంది. ఉన్నది అదే నీరు, అవే అణువులు. మరి తేడా ఎక్కడ? ఆయన ఒక్క నీటితో ఆగలేదు. సీసపు క్లోరైడు వంటి ఎన్నో లవణాలను కరిగించి చూశాడు. గట్టిగా ఉన్నప్పుడు దారి ఇవ్వనివి, కరిగితే ఇచ్చాయి. ద్రవంలో కణాలకు కదిలే స్వేచ్ఛ ఉంది, ఘనంలో అవి ఉన్నచోటే బిగుసుకుపోయి ఉంటాయి, కాబట్టి విద్యుత్తును మోసుకుపోలేవు అని అర్థం చేసుకున్నాడు.

మోసుకుపోయే ఆ కణాలకు పేరు లేదు. ఫారడేకు గ్రీకు రాదు. 1834లో కేంబ్రిడ్జి పండితుడు విలియం వెవెల్‌కు ఉత్తరం రాసి సలహా అడిగాడు. ఆనోడ్, కాథోడ్, ఆనయాన్, కాటయాన్, అయాన్ అనే మాటలు అలా స్థిరపడ్డాయి. అయాన్ అంటే గ్రీకులో వెళ్లేది అని అర్థం. మనం పరీక్షల కోసం బట్టీ పట్టే ఈ మాటలు, తనకు రానిది అడగడానికి సిగ్గుపడని ఒక మనిషి వల్ల వచ్చాయి.

ఘనపదార్థం అయాన్లకు దారి ఇవ్వదనే ఈ నియమం చక్కగా కుదిరింది. ఇంతలో సిల్వర్ సల్ఫైడు వచ్చి దాన్ని చెడగొట్టింది. నల్లటి ఆ ముక్కను లోహపు పలకల మధ్య పెట్టి దీపంతో కింద వేడి చేశాడు. వేడెక్కే కొద్దీ దాని వాహకత పెరిగింది, చల్లారితే తగ్గింది. కరగలేదు, గట్టిగానే ఉంది. లోహాల తీరు దీనికి పూర్తిగా వ్యతిరేకం, వేడెక్కితే వాటి వాహకత తగ్గుతుంది. 1838లో సీసపు ఫ్లోరైడును ఎర్రగా కాల్చి చూస్తే అదీ అంతే, ఘనరూపంలోనే దారి ఇచ్చింది.

తన నియమానికే అడ్డం వచ్చిన ఈ రెండింటినీ ఆయన పక్కన పడేయలేదు. ఎందుకలా జరుగుతోందో వివరించే సాధనాలు ఆ కాలంలో లేవు. పరమాణువు లోపల ఏముందో ఎవరికీ తెలియదు. అయినా చూసింది చూసినట్టు అచ్చులో పెట్టాడు. 1832 నుంచి తన ప్రయోగాల డైరీలో ప్రతి పేరాకు వరుస సంఖ్య వేసేవాడు, ఆ సంఖ్యలు 16 వేలు దాటాయి. గెలిచినవి, ఓడినవి అన్నీ అందులో ఉన్నాయి. ఆ కాగితాలను బైండింగ్ చేయించి భద్రపరిచాడు. రీబో షాపు అలవాటు ఎక్కడికి పోతుంది!

గణితం ఆయనకు పెద్దగా రాలేదు. బలరేఖలని ఆయన బొమ్మల్లో చూపినదాన్ని మాక్స్‌వెల్ తరువాత సమీకరణాలుగా రాశాడు. సర్ బిరుదు వద్దన్నాడు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి వద్దన్నాడు. చివరి సంవత్సరాల్లో జ్ఞాపకశక్తి సన్నగిల్లింది. 1858లో విక్టోరియా రాణి హాంప్టన్ కోర్టులో ఉండటానికి ఒక ఇల్లు ఇచ్చింది. 1867 ఆగస్టు 25న అక్కడే, కుర్చీలో కూర్చుని ఉండగా కన్నుమూశాడు. హైగేట్ శ్మశానంలో సాదాసీదాగా పాతిపెట్టారు.

ఆయన రాసిపెట్టిన రెండు ముక్కల కథ మాత్రం అక్కడితో ఆగలేదు. 1914లో టుబాంట్, లోరెంజ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు సిల్వర్ అయొడైడు సుమారు 147 డిగ్రీలు దాటితే దానిలోంచి వెండి అయాన్లు కరిగిన లవణంలో వెళ్లినంత తేలిగ్గా వెళ్తాయని చూపారు. అయొడైడు అయాన్లు కదలని స్తంభాల్లా నిలబడి ఉంటాయి, వాటి సందుల్లో వెండి అయాన్లు తిరుగుతాయి. అంటే కదిలే స్వేచ్ఛ ఉండాలని ఫారడే అన్నది సరైనదే. ఆ స్వేచ్ఛ ఘనం లోపల కూడా ఉండగలదు, అంతే తేడా.

1973లో ఇంగ్లండులో పీటర్ రైట్, ఆయన సహచరులు ఇంకో వింత ఘనాన్ని తయారుచేశారు. పాలిఇథిలీన్ ఆక్సైడు అనే పాలిమర్‌లో సోడియం, పొటాషియం లవణాలు కలిపితే, లవణం నీటిలో కరిగినట్టు ఆ ప్లాస్టిక్‌లో కరిగింది. 1978లో ఫ్రాన్స్‌కు చెందిన మిషెల్ అర్మాండ్ బ్యాటరీలో ద్రవానికి బదులు ఈ పలుచని పొరనే వాడవచ్చని ప్రతిపాదించాడు. ద్రవం కారుతుంది, మంట అంటుకుంటుంది. పొర అయితే కారదు.

అది లోపల ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఆ పాలిమర్ గొలుసులో రెండేసి కార్బన్ల తరువాత ఒక ఆక్సిజన్ ఉంటుంది. లిథియం అయాన్‌ను చుట్టూ ఉన్న కొన్ని ఆక్సిజన్లు పట్టుకుంటాయి. గొలుసు అటూ ఇటూ ఊగినప్పుడు ఆ అయాన్ ఒక చోటి ఆక్సిజన్ల నుంచి ఇంకో చోటి ఆక్సిజన్లకు మారుతుంది. బావి నుంచి మెస్ దాకా వరుసగా నిలబడి బిందెలు చేతులు మార్చడం మనకు తెలుసు. మనుషులకు నడుం తిప్పే జాగా ఉంటేనే బిందె కదులుతుంది. భుజానికి భుజం తగిలి బిగుసుకుపోతే ఆగిపోతుంది. పాలిఇథిలీన్ ఆక్సైడుకు ఉన్న చిక్కు అదే. గది ఉష్ణోగ్రత దగ్గర గొలుసుల్లో చాలా భాగం క్రమంగా పేర్చుకుని స్ఫటికంలా బిగుస్తుంది. సుమారు 65 డిగ్రీల దగ్గర గాని ఆ బిగువు వదలదు. అందుకే గది ఉష్ణోగ్రతలో దీని వాహకత సెల్‌ఫోన్ బ్యాటరీలోని ద్రవంతో పోలిస్తే వెయ్యి రెట్లకు పైగా తక్కువ. పారిస్ నగరంలో 2011 నుంచి 2018 వరకు అద్దెకు తిరిగిన ఆటోలిబ్ కార్లలో ఈ రకం పాలిమర్ బ్యాటరీలే వాడారు. వాటిని ఎప్పుడూ వేడిగా ఉంచాల్సి వచ్చేది.

దీనికి ఒక ఉపాయం, రెండు పాలిమర్లను కలపడం. పాలిఇథిలీన్ ఆక్సైడులో పాలివినైల్ పైరోలిడోన్ లాంటి రెండో పాలిమర్‌ను కలిపి, రెండింటినీ ఒకే ద్రావణిలో కరిగించి, పళ్లెంలో పోసి ఆరబెడతారు. రెండో రకం గొలుసులు మధ్యలో దూరడం వల్ల మొదటివి వరుసగా పేర్చుకోలేవు. ఎక్స్‌రే వివర్తనంలో స్ఫటికాన్ని చూపే పదునైన శిఖరాలు మొద్దుబారి వెడల్పవుతాయి. ఆ నిర్మాణం సడలిన చోట అయాన్లకు దారి దొరికి వాహకత పెరుగుతుంది. అయితే పాళ్లు కుదరాలి. గట్టి గొలుసుల పాలిమర్ మరీ ఎక్కువైతే ఊగడం తగ్గుతుంది, లేదా రెండూ కలవకుండా విడిపోతాయి. లవణం ఎక్కువైనా చిక్కే, అయాన్లు జతలు కట్టి ఆగిపోతాయి.

ఈ పని మనకు దూరమైనదేమీ కాదు. హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలో 1990లలోనే పాలిఇథిలీన్ ఆక్సైడులో సోడియం నైట్రేటు లాంటి లవణాలు కలిపి పొరలు తీసి, వాటితో చిన్న ఘటాలు కట్టి, వాహకత కొలిచి పరిశోధన పత్రాలు అచ్చువేశారు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివే మన పూర్వ విద్యార్థులకు ఈ పేర్లు తగిలే ఉంటాయి. అక్కడి కొలతా చూడటానికి మామూలుదే. పొరను రెండు లోహపు పలకల మధ్య బిగించి, నెమ్మదిగా వేడి చేస్తూ, ఒక్కో ఉష్ణోగ్రత దగ్గర ఎంత ప్రవాహం పోతుందో రాసుకుంటూ పోవడం. వేడెక్కే కొద్దీ పెరుగుతుంది, చల్లారితే తగ్గుతుంది. ఫారడే దీపానికి బదులు ఇప్పుడు కరెంటు కొలిమి వచ్చింది, సిల్వర్ సల్ఫైడు ముక్క ఉన్న చోట పాలిమర్ పొర ఉంది.